ఫుల్ మత్తు ఇచ్చే ఆపరేషన్ తర్వాత గొంతు నొప్పి: ముందే ఏమైనా చేయొచ్చా?

బొంకులదిబ్బ లలిత | సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా అప్పకి వచ్చే నెల గాల్ బ్లాడర్ ఆపరేషన్. రాళ్లు ఉన్నాయట, లాప్రోస్కోపీ చేస్తారట. కడుపు గురించి మాకు పెద్ద దిగులు లేదు, సర్జన్ గారు బాగానే ధైర్యం చెప్పారు. దిగులంతా గొంతు గురించే.

అప్ప విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంది, ఇప్పుడు ఇంట్లోనే పిల్లలకి పాఠాలు చెబుతోంది. మా వీధిలో ఒకావిడకి గర్భసంచి తీశాక కుట్ల కంటే గొంతే ఎక్కువ బాధపెట్టిందట, రెండు రోజులు ఉమ్ము మింగాలన్నా ఏడుపొచ్చిందట. ఆ మాట విన్నప్పటి నుంచి మా అప్పకి ఒకటే టెన్షన్. మత్తు లేకుండా చేస్తారేమో అడగమంటోంది!

అసలు ఈ నొప్పి ఎందుకు వస్తుంది? రాకుండా మనం చేయగలిగింది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

రాజాం సింహాచలం | సోమవారం, రాత్రి 9:05

దీనికి ఇంత కంగారెందుకమ్మా. వారం ముందు నుంచి రాత్రిపూట మిరియాల పాలు తాగించండి. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమనండి. ఆపరేషన్ రోజు పొద్దున్నే అతిమధురం కషాయంలో తేనె వేసి ఒక గ్లాసు తాగించేసి పంపండి. గొంతు గంటలా మోగుద్ది.

---

ఆమదాలవలస నర్సమ్మ | సోమవారం, రాత్రి 9:11

లలిత గారూ, పైన చెప్పినవాటిలో చివరి మాట మాత్రం దయచేసి వినకండి. ఆపరేషన్ రోజు పొద్దున్న కషాయం వద్దు, తేనె వద్దు, పాలు అసలే వద్దు.

మత్తులో ఉన్నప్పుడు పొట్టలో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. మామూలుగా చెప్పే లెక్క: తేలికపాటి టిఫిన్, పాలు లాంటివి 6 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. అయితే ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా చెబుతారు, మీకు చెప్పిన టైమే మీరు పాటించాలి. ఇంట్లో పెద్దవాళ్లు జాలిపడి గుక్కెడు కాఫీ పోసేసి, టేబుల్ ఎక్కించే ముందు ఆ సంగతి బయటపడి, కేసు వాయిదా పడిన రోజులు మా వార్డులో చాలానే ఉన్నాయి.

నీళ్ల విషయంలో ఇంకో మాట. రాత్రి పది నుంచి చుక్క కూడా ముట్టకుండా మర్నాడు మధ్యాహ్నం దాకా ఉండేవాళ్లున్నారు. అలా ఎండిపోయిన గొంతు ఎక్కువ మంట పెడుతుంది. నీళ్లు ఎప్పటివరకు తాగొచ్చో ముందే అడిగి, ఆ టైమ్ వరకు తాగించండి.

---

మత్తు డాక్టర్ శ్రీకాకుళం | సోమవారం, రాత్రి 10:32

డ్యూటీ అయి ఇప్పుడే చూశాను. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఈ ప్రశ్న నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతారు.

ఫుల్ మత్తులో కండరాలు సడలిపోతాయి, మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. అందుకని నోట్లోంచి ఒక ప్లాస్టిక్ ట్యూబు వేస్తాం. అది స్వరతంత్రుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి దిగుతుంది. ట్యూబు చివర చిన్న బుడగ ఉంటుంది, దాన్ని కఫ్ అంటాం. గాలి నింపితే అది శ్వాసనాళం గోడకి ఆనుకుని, గాలి పక్కనుంచి కారకుండా, పొట్టలోది లోపలికి పోకుండా అడ్డం ఉంటుంది. నొప్పికి ముఖ్య కారణం ఈ బుడగే. గాలి ఎక్కువైతే ఆ గోడలోని పలచటి పొరకి రక్తం సరిగ్గా అందదు, ఒరిసిపోతుంది. ట్యూబు వేయడానికి నాలుకని పక్కకి నెట్టే లారింగోస్కోపు రాపిడి, చివర్లో తెమడ తీసే సక్షన్ గొట్టం, పొట్టలో గాలి తీయడానికి వేసే రైల్స్ ట్యూబు, మెలకువ వచ్చేటప్పుడు ట్యూబు మీదే గట్టిగా దగ్గడం, ఇవన్నీ తలా కొంచెం కలుపుతాయి.

ఎంతమందికి వస్తుందంటే, ట్యూబు వేసినవాళ్లలో 60 శాతం వరకు అని చెప్పిన అధ్యయనాలున్నాయి, అందులో సగం కూడా లేదన్నవీ ఉన్నాయి. ఆడవాళ్లకి కాస్త ఎక్కువ. ఎక్కువసేపు పట్టే ఆపరేషన్లు, బోర్లా పడుకోబెట్టి చేసేవి, థైరాయిడ్ లాంటి మెడ ఆపరేషన్లు, ఒకటికి రెండుసార్లు ప్రయత్నిస్తే గానీ ట్యూబు దిగని గొంతులు, వీటిలోనూ ఎక్కువే.

సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మూడో రోజుకి చాలామందికి గుర్తు కూడా ఉండదు.

ఇక మీ అప్పగారి మాట. మత్తు లేకుండా గాల్ బ్లాడర్ తీయడం కుదరదు! వెన్నులో సూదితో, అంటే నడుం దగ్గర సూది మందు ఇచ్చి కింద భాగం మాత్రం మొద్దుబార్చి, లాప్రోస్కోపీ చేసిన చోట్లు ఉన్నాయి కానీ, పొట్ట నిండా గాలి నింపినప్పుడు భుజం లాగేయడం, ఊపిరి ఆడనట్టు ఉండటం మెలకువలో భరించడం కష్టం. ట్యూబుతోనే మంచిది.

---

బొంకులదిబ్బ లలిత | మంగళవారం, ఉదయం 6:50

డాక్టర్ గారూ, ఎంతో ఓపికగా రాశారు, ధన్యవాదాలు. ట్యూబు స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుందని చదివేసరికి అప్ప ముఖం ఇంకా చిన్నబోయింది. దాన్ని తప్పించే మార్గం లేదా? లేకపోతే సన్న ట్యూబు వేయమని అడగొచ్చా? అడిగితే "మాకే చెబుతున్నారా" అనుకుంటారేమో.

---

ఓటీ తమ్ముడు | మంగళవారం, మధ్యాహ్నం 1:20

అడగండి అక్కా, మొహమాటం వద్దు. నేను ఎనస్థీషియా టెక్నీషియన్‌ని, ట్రేలో ట్యూబులు సర్ది పెట్టేది మేమే. ట్యూబు సైజు అంటే లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో. మగవాళ్లకి 8, ఆడవాళ్లకి 7 లేదా 7.5 తీసి ఉంచడం పాత అలవాటు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఆడవాళ్లకి 6.5 చాలంటున్నారు, ఇంకా సన్నవి వేసి నొప్పి తగ్గిందని చూపించిన అధ్యయనాలు కూడా ఉన్నాయి. సైజు తగ్గినా ఊపిరికి లోటు రాదు, మిషను చూసుకుంటుంది.

అసలు సంగతి కఫ్‌లో గాలి. దాన్ని కొలవడానికి చిన్న మీటరు ఉంటుంది, గుండ్రంగా, బీపీ మిషను ముఖంలాగే ఉంటుంది. 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ముల్లు ఉండాలి. ఆ మీటరు లేనిచోట బయట వేలాడే చిన్న బుడగని వేళ్లతో నొక్కి చూసి సరిపోయిందంటారు. వేలికి మెత్తగా తగిలినా లోపల పీడనం చాలా ఎక్కువ ఉండొచ్చు, మీటరు పెట్టి చూస్తే తెలుస్తుంది. మత్తుకి నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు వాడే చోట ఇంకో చిక్కు ఉంది. ఆ వాయువు మెల్లగా కఫ్‌లోకి చేరిపోయి, మొదట సరిగ్గా పెట్టిన పీడనం కూడా గంట తిరిగేసరికి పెరిగిపోతుంది. మధ్యలో మళ్లీ చూడాలి. లాప్రోస్కోపీలో పొట్ట గాలితో ఉబ్బినప్పుడు కూడా కఫ్ మీద ఒత్తిడి పెరుగుతుంది.

కాబట్టి మీరు అడగాల్సిన ఒకే ఒక ప్రశ్న: "మీ దగ్గర కఫ్ ప్రెషర్ మీటరు ఉందా అండీ?"

---

మత్తు డాక్టర్ శ్రీకాకుళం | మంగళవారం, రాత్రి 9:48

తమ్ముడు చెప్పింది నిజం. ఆ ప్రశ్న ఎవరైనా పేషెంటు అడిగితే నాకైతే కోపం రాదు, సంతోషమే.

తప్పించే మార్గం గురించి. ఎల్ఎంఏ అని ఒకటి ఉంది, స్వరతంత్రుల దాకా వెళ్లకుండా గొంతులోనే పైన కూర్చునే మాస్కు. 1980లలో లండన్‌లో ఆర్చీ బ్రెయిన్ అనే మత్తు డాక్టరు కనిపెట్టారు. దీనితో గొంతు నొప్పి, బొంగురు రెండూ తక్కువ. చిన్న ఆపరేషన్లకి నేను ఎక్కువగా అదే వాడతాను. కానీ గాల్ బ్లాడర్ లాప్రోస్కోపీలో పొట్టలోది పైకి తన్నే అవకాశం ఉంటుంది గనక చాలామందిమి ట్యూబుకే ఓటు వేస్తాం. పొట్టలో గాలి తీసే దారి ఉన్న కొత్త రకం మాస్కులతో చేసేవాళ్లూ ఉన్నారు. మీ అప్పగారి శరీరం, ఎసిడిటీ, బరువు చూసి అక్కడి డాక్టరే తేల్చాలి.

గాయకురాలు అని చెప్పడం మాత్రం మర్చిపోవద్దు. ఆపరేషన్‌కి ముందు పీఏసీ అని ఒక చెకప్ ఉంటుంది, మత్తు డాక్టరు నోరు తెరిపించి, మెడ వంచి చూస్తారు. చాలామంది దాన్ని ఒక సంతకం పనిగా చూస్తారు. అక్కడే చెప్పాలి: గొంతే నాకు బతుకుతెరువు, ఈ మధ్య జలుబు చేసింది లేదా చేయలేదు, గురక ఉంది, పన్ను ఊగుతోంది, ఇదివరకు మత్తిచ్చినప్పుడు ట్యూబు కష్టమైందన్నారు. ఇవి తెలిస్తే సన్న ట్యూబు, వీడియో లారింగోస్కోపు, చెయ్యి తిరిగిన మనిషి, అన్నీ ముందే సిద్ధమవుతాయి. ట్యూబు మొదటిసారికే మెత్తగా దిగితే సగం నొప్పి లేనట్టే.

---

బొబ్బిలి వీణ | బుధవారం, ఉదయం 11:15

నేను డాక్టర్ని కాదు, ఫార్మసీ చదివాను. ఈ విషయంలో మందుల మీద వచ్చిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. మత్తు ఇచ్చే ముందు కెటమిన్ కలిపిన నీళ్లు పుక్కిలించడం, మెగ్నీషియం పుక్కిలింత, బెంజిడమైన్ స్ప్రే, డెక్సామెథసోన్ ఇంజెక్షన్. ఇవన్నీ కొంతవరకు పనిచేస్తాయనే తేలింది. తమాషా ఏమిటంటే, ట్యూబుకి రాసే లిగ్నోకెయిన్ (తిమ్మిరెక్కించే మందు) జెల్లీ నొప్పి తగ్గిస్తుందని అందరూ అనుకుంటారు, అది పెద్దగా పనిచేయలేదు. లిగ్నోకెయిన్ స్ప్రే అయితే కొన్నిచోట్ల నొప్పిని పెంచింది కూడా.

సింహాచలం గారి అతిమధురం కూడా ఆ లిస్టులో ఉంది. లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐ డాక్టర్లు 2009లో చూశారు. అర గ్రాము అతిమధురం 30 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, మత్తుకి 5 నిమిషాల ముందు పుక్కిలింపించారు. నొప్పి తగ్గింది. 2013లో వియన్నాలో ఊపిరితిత్తుల ఆపరేషన్లకి వచ్చినవాళ్ల మీద, చక్కెర నీళ్లతో పోల్చి చూసినా అదే ఫలితం.

---

రాజాం సింహాచలం | బుధవారం, మధ్యాహ్నం 12:02

అదీ! మా నాయనమ్మ ఏ పీజీఐలో చదివిందో మరి. నర్సమ్మ గారూ, చూశారా?

---

ఆమదాలవలస నర్సమ్మ | బుధవారం, మధ్యాహ్నం 12:30

చూశాను బావూ. పుక్కిలించి ఉమ్మేశారు. మీరు గ్లాసుడు తాగించమన్నారు.

---

మత్తు డాక్టర్ శ్రీకాకుళం | బుధవారం, రాత్రి 10:05

ఇద్దరికీ చెరో మార్కు.

ఈ పుక్కిలింతలు ఏవైనా సరే ఇంట్లో చేసేవి కావు. ఆపరేషన్ గది గుమ్మం దగ్గర, మేము చూస్తుండగా, మేమిచ్చిన కొలతతో. కెటమిన్ అసలు మత్తుమందే, షాపులో అడిగితే ఇచ్చేది కాదు. అతిమధురం పుక్కిలిస్తే ఫరవాలేదు గానీ, వారాల తరబడి కషాయంగా తాగితే బీపీ పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. పొటాషియం తగ్గిన మనిషికి మత్తివ్వడం మాకు తలనొప్పి. మీ అప్పగారు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే పీఏసీలో చెప్పండి.

డెక్సామెథసోన్ చాలామంది మామూలుగానే ఇస్తారు, వాంతులు రాకుండా. గొంతుకీ మేలు చేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఒకటి రెండు రోజులు లెవెల్ పెరుగుతుంది, అది చూసుకుని ఇస్తాం.

వీణ గారు చెప్పినవాటిలో నా ఓటు మందులకి కాదు, మీటరుకి. కఫ్‌లో 60 పెట్టి ఎన్ని మందులు పుక్కిలించినా ఏం లాభం?

---

భావనపాడు రమణ | గురువారం, ఉదయం 7:25

డాక్టర్ గారూ, మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మా అమ్మకి భుజం ఆపరేషన్ ఉంది, ఫుల్ మత్తు అన్నారు. అమ్మ చిన్నప్పటి నుంచి అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగుతుంది. మా తీరంలో ముసలమ్మలందరిదీ అదే అలవాటు. చెబితే వినదు. గొంతుకి ఏమైనా ఇబ్బందా?

---

మత్తు డాక్టర్ శ్రీకాకుళం | గురువారం, మధ్యాహ్నం 2:40

ఇబ్బందే రమణ గారూ. ఇక్కడ పనిచేసే మాకు ఇది కొత్త కాదు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటే వేడంతా అంగిలికి తగులుతుంది. అంగిలి తెల్లగా మొద్దుబారి, ఎర్ర చుక్కలతో కనిపిస్తుంది. ఆ మార్పుల్లో కొన్ని క్యాన్సర్‌కి దారి తీస్తాయి, కాబట్టి ఆపరేషన్ ఉన్నా లేకపోయినా ఒకసారి నోరు చూపించండి.

మత్తు సంగతికి వస్తే, పొగ తాగేవాళ్ల శ్వాసనాళం ముందే రేగిపోయి ఉంటుంది. ట్యూబు తీసేటప్పుడు దగ్గు ఎక్కువ, తెమడ ఎక్కువ, నొప్పీ ఎక్కువే. నాలుగు వారాల ముందు మానేస్తే మంచిది. అన్నాళ్లు కుదరకపోయినా కనీసం ముందు రోజు నుంచి ముట్టుకోకపోతే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది, అది గుండెకి మేలు. "నేను చెప్పానని చెప్పు" అంటే వినరు గానీ, పీఏసీకి వచ్చినప్పుడు డాక్టరు చేత నేరుగా చెప్పించండి. తెల్లకోటు వేసుకున్నవాళ్లు చెబితే కొంతమంది మామ్మలు వింటారు.

---

బొంకులదిబ్బ లలిత | శనివారం, సాయంత్రం 5:15

ఇవాళ పీఏసీ అయింది. మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని వెళ్లాను. అక్కడి మేడమ్ గారు చదివి నవ్వారు, కానీ కోపంగా కాదు. 6.5 వేస్తారట. మీటరు ఉందట, ఉందని చెప్పడమే కాదు, తెప్పించి చూపించారు కూడా. నైట్రస్ తాము వాడటం మానేశారట. పుక్కిలింత మాత్రం తమ దగ్గర అలవాటు లేదన్నారు, సరే అన్నాం. పాట పాడి వినిపించమన్నారు! అప్ప మోహనంలో ఒక గీతం అందుకుంది, బయట వరుసలో కూర్చున్నవాళ్లు తలుపులోంచి తొంగి చూశారు. ఆపరేషన్‌కి ముందు గొంతు ఎలా ఉందో ఫైల్లో రాసుకున్నారు.

ఇప్పుడు అమ్మకి వేరే పట్టుదల. ఆపరేషన్ తర్వాత పథ్యం, చల్లనివి ముట్టకూడదట, నెలరోజులు వేడినీళ్లేనట.

---

ఆమదాలవలస నర్సమ్మ | శనివారం, రాత్రి 7:40

పాట వినిపించమన్న మేడమ్ గారికి దండం పెట్టాలి. తర్వాత గొంతు మారిందా లేదా అని వాదన వస్తే పోల్చుకోవడానికి ఉంటుంది.

పథ్యం గురించి అమ్మగారితో గొడవ పడకండి, గొంతు వరకు మాత్రం ఇవి చూసుకోండి. వార్డుకి తెచ్చాక, పూర్తిగా మెలకువ వచ్చి, మేము సరే అన్నాకే మొదటి గుక్క. ఆ గుక్క చల్లటిదైనా ఫరవాలేదు, ఐస్ ముక్క చప్పరిస్తే గొంతుకి హాయిగా కూడా ఉంటుంది. తర్వాత చోడి (రాగి) అంబలి పలచగా, గోరువెచ్చగా, మజ్జిగ కలిపి. మెత్తటి ఇడ్లీ. ఆవకాయ, కరకరలాడే జంతికలు రెండు మూడు రోజులు పక్కన పెట్టండి. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించొచ్చు. గొంతు బిళ్లలు చప్పరించొచ్చు, పడుకుని కాదు, కూర్చుని.

గొంతు బొంగురుగా ఉంటే గుసగుసగా మాట్లాడొద్దు. గుసగుస ఇంకా శ్రమ. తక్కువ మాట్లాడాలి, మామూలు గొంతుతో. పాఠాలు బొంగురు పూర్తిగా పోయాకే.

భుజం లాగితే అది గొంతుదో గుండెదో అని హడావుడి పడకండి. లాప్రోస్కోపీలో నింపిన గాలి వల్ల వస్తుంది, పోతుంది.

కానీ ఊపిరి తీసేటప్పుడు కూత లాంటి శబ్దం వచ్చినా, సొంత ఉమ్ము కూడా మింగలేక కారిపోతున్నా, నోట్లోంచి రక్తం పడుతున్నా, మెడ ఉబ్బి నొక్కితే చిటపటలాడినా, గొంతు నొప్పితో జ్వరం వచ్చినా తెల్లారే దాకా ఆగకండి. బొంగురు రెండు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు స్వరతంత్రులు చూడాలి. పాడే మనిషి కాబట్టి మీరైతే వారానికే చూపించేయండి.

---

పలాస పార్వతీశం | శనివారం, రాత్రి 9:30

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం. మా నాన్నగారికి కిడ్నీ దెబ్బతింది, ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేయాలంటున్నారు. ఇదంతా చదివాక ఒక అనుమానం. కిందటిసారి ఆయనకి వేరే ఆపరేషన్ అయినప్పుడు గొంతు నొప్పికి మందుల షాపులో ఏదో బిళ్ల అడిగి తెచ్చి వేశాం, రెండు రోజుల్లో తగ్గింది. ఈసారీ అదే వేయొచ్చా? పేరు గుర్తులేదు, అసిక్లో అని ఏదో ఉంది.

---

బొబ్బిలి వీణ | శనివారం, రాత్రి 9:44

వద్దండి పార్వతీశం గారూ! అది అసిక్లోఫెనాక్. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఆ కుటుంబం మందులేవీ పనికిరావు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా అంతే. చిక్కేమిటంటే షాపుల్లో పారాసెటమాల్‌తో కలిపి ఒకే బిళ్లగా ఇస్తారు, కవరు మీద పెద్దక్షరాల్లో వేరే పేరు ఉంటుంది. వెనక చిన్నక్షరాలు చదవాలి.

---

మత్తు డాక్టర్ శ్రీకాకుళం | ఆదివారం, ఉదయం 8:10

వీణ గారు సరిగ్గా చెప్పారు. నాన్నగారికి ఒట్టి పారాసెటమాల్ చాలు, 500 లేదా 650, మధ్యలో కనీసం 6 గంటలు వ్యవధి. ఎన్ని రోజులు వేయొచ్చో కిడ్నీ డాక్టరు చెప్పాలి. మెగ్నీషియం ఉన్న పుక్కిలింతలు, బిళ్లలు ఆయనకి వద్దు, కిడ్నీ బలహీనంగా ఉంటే అది ఒంట్లో పేరుకుపోతుంది. ఉప్పునీళ్ల పుక్కిలింతకి అడ్డు లేదు, మింగకుండా ఉమ్మేస్తే చాలు.

ఇంకో సంగతి. గజ్జల్లో హెర్నియాని కోత పెట్టి చేసేటట్టయితే వెన్నులో సూదితోనే చేయొచ్చు. మనిషి మెలకువగానే ఉంటారు, గొంతులో ట్యూబు ఉండదు, గొంతు నొప్పి మాటే రాదు. రక్తం పలచబడే మందులు ఏమైనా వాడుతున్నారేమో, అవి ఎప్పుడు ఆపాలో మాత్రం ముందే అడగండి. పాత ఆపరేషన్ కాగితాలు, కిడ్నీ పనితీరు చెప్పే తాజా క్రియాటినిన్ రిపోర్టు పీఏసీకి పట్టుకెళ్లండి.

---

పలాస పార్వతీశం | ఆదివారం, ఉదయం 8:35

వెన్నులో సూది అంటే నడుం నొప్పి జన్మంతా ఉండిపోతుందని మా పక్కింటాయన భయపెట్టాడండీ. అందుకే ఫుల్ మత్తే ఇమ్మని మేమే అడిగాం.

---

మత్తు డాక్టర్ శ్రీకాకుళం | ఆదివారం, ఉదయం 9:02

సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చు, జన్మంతా ఉండదు. దీని మీద మాట్లాడాలంటే ఇది చాలదు, వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను. ఈలోపు మీ సర్జన్ గారికి ఫోన్ చేసి, వెన్నులో సూదికి మీకు అభ్యంతరం లేదని చెప్పండి.